వేరే కంపెనీ ప్రాసెసర్

ఆ ఫిబ్రవరిలో అరుణ్ కుమార్ మదనపల్లెకు రావడం అది మూడోసారి. బెంగుళూరులో తెల్లవారుతూనే బస్సెక్కి, పదకొండు గంటలకల్లా నల్లటి బ్యాగుతో కుప్పుస్వామి అంగట్లో ఉండేవాడు. కంప్యూటర్లకు ప్రాసెసర్లు చేసే ఒక కంపెనీకి అతను ఏజెంటు. సొంతూరు గుడుపల్లె కాబట్టి మాట తీరు ఈ పక్కదే. కుప్పుస్వామి అతని దగ్గర అప్పటిదాకా ఒక్క ప్రాసెసర్ కూడా కొనలేదు. వద్దని గట్టిగా చెప్పే ఓపిక లేక, వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి కాఫీ తెప్పించేవాడు.

మదనపల్లెలోని బెంగుళూరు బస్టాండు వెనక సందులో ఉంది ఆ అంగడి. బోర్డు మీద 'సావిత్రి కంప్యూటర్స్' అని తల్లి పేరు. విడిభాగాలు బెంగుళూరు నుంచి తెచ్చి, ఇక్కడ బిగించి, ముందు వైపు ఆ పేరున్న స్టిక్కరు అంటించి అమ్మేవాడు కుప్పుస్వామి. నెలకు నాలుగైదు పెట్టెలు పోయేవి. మదనపల్లెలో జిరాక్సు అంగళ్లకు, పుంగనూరులో స్కూళ్లకు, కుప్పంలో గ్రానైటు ఆఫీసులకు. అది 2001వ సంవత్సరం. అతనికి నలభై ఏడేళ్లు.

"మీ పాత కంపెనీ వాల్లు మిమ్మల్ని యాడ పట్టించుకుంటాండారు సార్?" అన్నాడు అరుణ్ కుమార్. "నెలకు అయిదు ప్రాసెసర్లు ఇస్తే జాస్తి. ఉండేదంతా పెద్ద పెద్ద కంపెనీలకే పోతాండాది. మావి ఎన్ని కావాలంటే అన్ని. వేగం గూడా ఎచ్చే."

"దాంతో పాటు మదర్‌బోర్డు గూడా మార్చల్ల గదప్పా."

"అదీ నేనే తెప్పిస్తా."

"మల్లా అంతా నేర్చుకోవల్ల."

"ఏముంది సార్ నేర్చుకునేది? వారం దినాల్లో వచ్చేస్తాది."

కుప్పుస్వామి నవ్వాడు గానీ అందులో నవ్వు లేదు. పద్దెనిమిదేళ్లప్పుడు వాల్వు రేడియోలతో మొదలుపెట్టాడు. అవి చేతికి వచ్చేసరికి ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాత టేపు రికార్డర్లు, బ్లాక్ అండ్ వైట్ టీవీలు, కలర్ టీవీలు. చివరికి కంప్యూటర్లు. ప్రతిసారీ ఎవరో ఒకరు వారం దినాల్లో వచ్చేస్తుందనే చెప్పారు. ప్రతిసారీ రెండేళ్లు పట్టింది.

కానీ అరుణ్ కుమార్ చెప్పింది అబద్ధం కాదు. కుప్పంలో చిన్నప్ప అనే ఆయన కొత్తగా జూనియర్ కాలేజీ పెట్టాడు. జూన్ కల్లా ఇరవై రెండు కంప్యూటర్లు కావాలన్నాడు. కుప్పుస్వామి జీవితంలో అంత పెద్ద ఆర్డరు రాలేదు. పాత కంపెనీ డీలరు మాత్రం ఫోను చేస్తే వచ్చే నెల చూద్దామనే మాట తప్ప ఇంకో మాట చెప్పడం లేదు. నెలకు అయిదు చొప్పున ఇరవై రెండు చేరేసరికి కాలేజీ తెరిచి నెల దాటిపోతుంది.

"ఒక సెట్టు పెట్టి పొండి. చూస్తాను" అన్నాడు చివరికి.

అంగట్లో బిగించే పని మాలతిది. పుంగనూరు అమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. పెళ్లయి మదనపల్లెకు వచ్చి ఆరేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది. ఆ సాయంత్రమే కొత్త మదర్‌బోర్డు మీద కొత్త ప్రాసెసర్ పెట్టింది. ప్రాసెసర్ పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి దాని మీద ఒక అల్యూమినియం దిమ్మె, దిమ్మె మీద ఒక చిన్న ఫ్యాను ఉంటాయి. అరుణ్ కుమార్ ఇచ్చిన డబ్బాలోని ఫ్యాను అరచేయంత ఉంది. ఆన్ చేస్తే అంగడంతా గుయ్యిమంది.

"ఇదేంది మే, పిండిమిషను మాదిర ఉండాది" అన్నాడు కుప్పుస్వామి. "పాతవాటికి వాడే చిన్న ఫ్యాను పెట్టు. క్లిప్పు సరిపోతాది."

"వాల్లు పెద్దది యాల ఇచ్చినారో అన్నా."

"డబ్బా పెద్దగా కనపడాలని ఇస్తారు. పెట్టు."

డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అందులో ఏముందో ఇద్దరూ చదవలేదు. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు కుప్పుస్వామి. తర్వాత చదువుదామనుకున్నాడు.

ఆ కంప్యూటర్ అంగట్లో నాలుగు రోజులు బాగా నడిచింది. అయిదో రోజు పుంగనూరు నుంచి గౌరమ్మ ఫోను చేసింది. ఆమె ఇరవై ఏళ్లుగా అక్కడ టైపింగు ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. భర్త పోయాక ఆరు టైపు మిషన్లతో మొదలుపెట్టి, ఆ మిషన్లు అడిగేవాళ్లు తగ్గాక నాలుగు కంప్యూటర్లు కొంది. నాలుగూ కుప్పుస్వామి దగ్గరే. అందులో ఒకటి పాతబడి మొరాయిస్తోందని, కొత్తది పంపమని అడిగింది.

కుప్పుస్వామి నడుస్తున్న పెట్టెనే కట్టేయమన్నాడు.

"ఇది వేరే కంపెనీ ప్రాసెసరని ఆయమ్మకు చెప్పల్ల గదన్నా" అంది మాలతి. ఆమె పదో తరగతి తర్వాత టైపు నేర్చుకున్నది గౌరమ్మ దగ్గరే.

"చెప్తే నూరు ప్రశ్నలేస్తాది. ఎవురు చెప్తారు జవాబు? పెట్టె బాగా నడస్తాండాదా లేదా?"

"నడస్తాండాది."

"ఇంగేం?"

మాలతి స్టిక్కరు అంటించి, పాత పేపర్లు చుట్టి, దారంతో కట్టింది.

మార్చి అంతా పుంగనూరు నుంచి ఫోను రాలేదు. ఫోను రాలేదంటే పెట్టె నడుస్తున్నట్టే. ఏప్రిల్ మొదటి వారంలో అరుణ్ కుమార్ మళ్లీ వచ్చినప్పుడు, ఇరవై రెండు సెట్లు చెప్పేద్దామనే ఆలోచనలో ఉన్నాడు కుప్పుస్వామి. మనసులో ఒక రకమైన నెమ్మది కూడా వచ్చింది. ఈ ఆర్డరు ఒక్కటి గట్టెక్కితే నెలకు నాలుగుసార్లు బెంగుళూరు పోయి, ఒళ్లో మదర్‌బోర్డులు పెట్టుకుని, నడుము నొప్పితో తిరిగొచ్చే పని కొన్నాళ్లు తప్పుతుంది. "వచ్చే వారం చెప్తానప్పా" అని పంపేశాడు.

మూడు రోజులకు గౌరమ్మ ఫోను వచ్చింది.

"కుప్పుస్వామీ, నువ్విచ్చిన కొత్త మిషను కాలిపొయ్యిందప్పా. మా పిల్లొకతి ఏందో చేసేసింది. నువ్వొచ్చి ఒకతూరి సూడు."

మరునాడు పదిన్నర బస్సుకు పుంగనూరు వెళ్లాడు. ఎండకు బస్సు కిటికీ ఊచలు చేతికి చురుక్కుమంటున్నాయి. మేడ మీద ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో పైన రేకులు, కింద నాపరాళ్లు. రోడ్డు మీద దుమ్ము కిటికీలోంచి నేరుగా వచ్చి పడుతోంది. ముగ్గురు అమ్మాయిలు టైపు చేస్తున్నారు. కొత్త మిషను మీద గౌరమ్మ ఒక తువ్వాలు కప్పి ఉంచింది.

కుప్పుస్వామి స్క్రూలు విప్పి పక్క రేకు తీశాడు. కమురు వాసన వచ్చింది. చిన్న ఫ్యాను రెక్కల్లో దుమ్ము ముద్దగా చేరి, వేలితో తిప్పితే సగం తిరిగి ఆగిపోతోంది. దిమ్మె ఎత్తి చూశాడు. ప్రాసెసర్ మధ్యలో గోధుమరంగు మచ్చ. కింద బోర్డు కూడా నల్లబడింది. పెద్ద ఫ్యాను యాల ఇచ్చినారో అని మాలతి అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

"కరెంటు పొయ్యి వచ్చినబ్బుడు ఆ పిల్లే ఆన్ చేసింది" అంటోంది గౌరమ్మ. "ఏం నొక్కిందో ఏమో. పొగొచ్చేసింది. నాకు ఒళ్లు మండిపొయ్యిందప్పా. నీ చేతులు ఊరికే ఉండవా, మీ ఇంట్లో పేడతట్ట అనుకుంటివా అని అందరి ముందర అనేసినా. ఆపొద్దే బ్యాగు తీసుకోని పొయ్యింది. ఇంగ రాలే. మూడు దినాలాయ."

టైపు చేస్తున్న అమ్మాయిల్లో ఒకరి చేతులు ఆగాయి. మిగతావాళ్లు తల ఎత్తలేదు.

కుప్పుస్వామి నోరు తెరిచాడు. అక్కా, తప్పు నాది అనాలి. అంతే. మూడు మాటలు. కానీ ఆ వెనక ఏం చెప్పాలో కూడా కనిపించింది. వేరే కంపెనీదని ముందే ఎందుకు చెప్పలేదో, వాళ్లిచ్చిన ఫ్యాను ఎందుకు తీసేశాడో, ఆరు వారాలుగా ఆమె మిషనును తన పరీక్షకు వాడుకున్నాడని. అదంతా అమ్మాయిల ముందర, ఆ ఎండలో.

"తీస్కపొయ్యి సూస్తానక్కా" అన్నాడు. "వేరేది పంపిస్తా."

"నీకు నష్టం కాదాప్పా?"

"కాదులే."

పెట్టె ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చాడు. దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ నిద్ర రాలేదు.

మాలతి పెట్టె విప్పి చూసింది. ప్రాసెసర్‌ను ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసింది.

"ఫ్యానే" అంది.

"ఫ్యానే" అన్నాడు కుప్పుస్వామి. తర్వాత, దాచాలనిపించక, అక్కడ జరిగింది చెప్పాడు.

"ఆ పిల్ల పేరేందన్నా?"

కుప్పుస్వామి బల్ల మీది స్క్రూలు ఏరి డబ్బాలో వేశాడు.

"అడగలేదా?"

"లేదు."

మాలతి పెట్టెను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, టిఫిను డబ్బా తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. అప్పటికి ఇంకా నాలుగున్నరే. ఆరేళ్లలో ఆమె ఆరు కాకుండా వెళ్లడం అదే మొదలు.

మరునాడు పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని ఆ మడత కాగితం చదివాడు కుప్పుస్వామి. ఈ ప్రాసెసర్ వేడి ఎక్కువ, డబ్బాలో ఇచ్చిన ఫ్యానే వాడాలి, అది ఆగిపోతే చిప్పు నిమిషంలోపే కాలిపోవచ్చు అని మూడో వరసలోనే ఉంది. అరుణ్ కుమార్‌కు ఫోను చేసి ఇంకో సెట్టు తెప్పించాడు. పెద్ద ఫ్యానుతో రెండు రోజులు ఆపకుండా నడిపించారు. మాలతి కావాలనే రెక్కల మీద పిడికెడు దుమ్ము చల్లింది. అయినా తిరిగింది. శబ్దం మాత్రం పిండిమిషనుదే.

రెండో రోజు అరుణ్ కుమారే వచ్చాడు. కాలిన చిప్పును చూసి అతని ముఖం వాడిపోయింది.

"మా మీద కంప్లెయింటు రాస్తారా సార్? రాసినా తప్పు లేదు. కంపెనీ ఇంకోటి ఇస్తాది. మీ గౌరమ్మగారికి గూడా ప్రాసెసర్ చెడిపోయిందని చెప్పేయండి. నా పేరు చెప్పండి, పర్వాలేదు."

ఎంత సులువుగా ఉందో ఆ దారి. కంపెనీ చిప్పు మంచిది కాదు, మోసపోయానక్కా అంటే గౌరమ్మ జాలి కూడా పడుతుంది. పాత కంపెనీతోనే ఉండిపోవచ్చు. కుప్పం ఆర్డరు వదిలేసుకోవచ్చు. కొత్తది నేర్చుకోనక్కర లేదు. కుప్పుస్వామి కాలిన చిప్పును తీసి జేబులో వేసుకున్నాడు.

"నీ దాంట్లో తప్పు లేదప్పా" అన్నాడు. "నేను సరిగ్గా బిగించలేదు."

ఆదివారం పుంగనూరు వెళ్లాడు. ఇన్‌స్టిట్యూట్‌కు సెలవు. గౌరమ్మ ఇంట్లో వరండాలో కూర్చుని చెప్పాడు. ఈసారి ఏదీ వదలకుండా మొదటినుంచీ చెప్పాడు. ఆమె అంతా విన్నాక వీధి వైపు చూసింది.

"మొన్న వచ్చినావే, అబ్బుడు తెలుసునా నీకు?"

"తెలుసక్కా."

"తెలిసి పొయినావు."

"అవును."

గౌరమ్మ లేచి చెప్పులు వేసుకుంది. "పద. ఆ పిల్ల పేరు రూప. చౌడేపల్లె దారిలో వాల్లూరు. ఇబ్బుడు ఈన్నే చింతపండు మండీలో పనికి వస్తాందంట. ఆదివారం గూడా ఉంటాది పని."

మండీ వెనక రేకుల షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్లు కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. షెడ్డంతా పుల్లటి వాసన. రూప చివరి వరసలో ఉంది. పంతొమ్మిదేళ్లుంటాయేమో. గౌరమ్మను చూసి లేచి నిలబడింది గానీ చేతిలో సుత్తి కింద పెట్టలేదు.

"రూపా, ఈయప్ప ఆ మిషను చేసినోడు. నీతో చెప్పల్లని వచ్చినాడు" అంది గౌరమ్మ.

కుప్పుస్వామి చెప్పాడు. మిషను కాలిపోవడానికి కారణం నువ్వు కాదమ్మా, చిన్న ఫ్యాను పెట్టింది నేను అని. చుట్టూ చప్పుడు ఆగింది. అందరూ వింటున్నారని తెలిసి, ఇంకోసారి గట్టిగా చెప్పాడు.

రూప అతని వైపు చూడలేదు. గౌరమ్మ వైపే చూసింది.

"నేను చెప్పినా గదమ్మా. మూడు దినాలు ముందే చెప్పినా. ఆ మిషనులో శబ్దం మారింది, వాసనొస్తాండాది అని. టైపు కొట్టను బద్ధకమై సాకులు చెప్తాండావు అంటిరి."

గౌరమ్మ ముఖం మీద చెమట తుడుచుకుంది. "అవునమ్మా. చెప్పినావు. నేనే ఇనలే. ఆ పొద్దు అంతమందిలో అన్న మాట తప్పు. ఈడా అంతమందిలోనే చెప్తాండాను."

పక్కనున్న ఒకామె గొంతు సవరించుకుంది. రూప కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ అవి జారకముందే మోచేత్తో తుడిచేసుకుంది, వేళ్లకు చింతపండు అంటి ఉంది కాబట్టి.

"రేపట్నించి రామ్మా. జూన్‌లో టైపు పరీక్ష ఉండాది" అంది గౌరమ్మ.

"రాలేనమ్మా. సీజను అయ్యేదాకా వస్తానని మేస్త్రీకి మాటిచ్చినా. మానుకుంటే మా యమ్మను గూడా రావద్దంటాడు."

"పరీక్ష పోతాది కదే."

"పోతాది" అంది రూప, ఎవరి మీదా కోపం లేనట్టుగా. మళ్లీ కూర్చుని సుత్తి ఎత్తింది. గౌరమ్మా, కుప్పుస్వామీ బయటికి వచ్చేశారు.

గౌరమ్మ రోడ్డు దాకా అతనితో పాటు నడిచింది. బస్సు వస్తుండగా అంది, "నాకు నువ్వే మిషను పంపించు. ఏ కంపెనీదైనా పంపించు. లోపలేముందో మాత్రం చెప్పి పంపించప్పా."

ఆ వారమే కుప్పం వెళ్లాడు కుప్పుస్వామి. పలమనేరు మీదుగా మూడు గంటలు పైన పట్టింది. చిన్నప్ప కాలేజీ గోడలకు ఇంకా సున్నం వేస్తున్నారు. ఖాళీ క్లాసురూములో ఇద్దరూ ఇనుప కుర్చీల మీద కూర్చున్నారు. కుప్పుస్వామి రెండు ప్రాసెసర్లనూ చూపించాడు. పాతది దొరకడం లేదని, కొత్తది మంచిదే గానీ వేడి ఎక్కువని, పెద్ద ఫ్యాను శబ్దం చేస్తుందని, నెలకొకసారి దుమ్ము దులపాలని, తన తప్పు వల్ల ఒకటి కాలిపోయిందని చెప్పాడు. కాలినది జేబులోంచి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

చిన్నప్ప దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అరవై ఏళ్ల రైతు ఆయన. కంప్యూటర్ ఏనాడూ ముట్టుకోలేదు.

"అమ్ముకునేదానికి వచ్చి కాలిపోయింది సూపిస్తాండావేందప్పా నువ్వు?"

"తర్వాత తెలిస్తే బాగుండదన్నా."

"ఒక మాట చెప్పు. మా పిల్లోల్లు పాడు చేస్తారేమో అని నాకు బయం. వాల్లు ఏదో నొక్కితే ఇట్లా అయితాదా?"

"పిల్లోల్లు ఏం నొక్కినా ఇట్లా కాదు" అన్నాడు కుప్పుస్వామి. "ఇట్లా అయితే అది మా తప్పే."

చిన్నప్ప రెండు రోజులు గడువడిగాడు. మూడో రోజు ఫోను చేసి పది కంప్యూటర్లు చాలన్నాడు. మిగతా పన్నెండూ బెంగుళూరులో పేరున్న కంపెనీవి తెస్తున్నామని, కొడుకు అట్లా పట్టుపట్టాడని, ఏమీ అనుకోవద్దని అన్నాడు. కుప్పుస్వామి ఏమీ అనుకోలేదు. నిజానికి ఫోను పెట్టేశాక అతనికి బాధకంటే ముందు ఒంట్లో బిగువు సడలినట్టయింది. పది చేయడానికే ఒళ్లు సరిపోయేలా ఉంది.

అరుణ్ కుమార్‌కు పది సెట్లు చెప్పాడు. ఆ మే నెలంతా మాలతీ, అతనూ ఎదురెదురు బల్లల మీద కూర్చుని బిగించారు. పాత కంపెనీ డీలరుకు ఫోను చేయడం మానేశాడు. అక్కడినుంచీ ఎవరూ ఎందుకని అడగలేదు. ఇన్నేళ్లుగా చేతికి అలవాటైన కొలతలూ క్లిప్పులూ పక్కన పెట్టి, చదువుకునే పిల్లాడిలా కాగితం ముందు పెట్టుకుని చేశాడు. రెండు బోర్డులు మొదట్లో సరిగ్గా కూర్చోక విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది. ప్రతి పెట్టె వెనక, లోపలున్న ప్రాసెసర్ ఏ కంపెనీదో, ఫ్యాను ఎప్పుడు శుభ్రం చేయాలో మాలతి తెలుగులో రాసి అంటించింది. ఆమె అక్షరం గుండ్రంగా ఉంటుంది.

"ఎన్నేండ్లు నడస్తాయంటావన్నా ఇవి?" అని అడిగింది ఒకరోజు.

"నాలుగేండ్లు. అయిదు."

"తర్వాత?"

"తర్వాత ఇంగొకటి వస్తాది మే" అన్నాడు కుప్పుస్వామి. స్క్రూడ్రైవరు కోసం వెతుక్కుంటూ అన్నాడు. అందులో ఆశ గానీ విసుగు గానీ వినపడలేదు.

జూన్ రెండో వారంలో పదీ ఒక మెటాడోర్ వ్యానులో కుప్పం చేరాయి. పేరున్న కంపెనీ పెట్టెలు పన్నెండూ అప్పటికే గోడ పక్కన వరసగా ఉన్నాయి, తెల్లగా, చప్పుడు లేకుండా. కుప్పుస్వామి పెట్టెలు రెండో గోడకు. అన్నీ ఒకేసారి ఆన్ చేసేసరికి గది హోరెత్తింది. చిన్నప్ప చెవులు మూసుకుని నవ్వాడు.

రూప ఆ జూన్ పరీక్ష రాయలేదు. జూలైలో మళ్లీ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిందని, డిసెంబరులో రాసి సెకండ్ క్లాసులో పాసయిందని గౌరమ్మ చెప్పింది. జూన్‌లోనే రాసుంటే ఆ ఆగస్టులో మండలాఫీసులో డేటా ఎంట్రీ పనికి అర్హత ఉండేదని, ఆ పని వేరేవాళ్లకు పోయిందని కూడా చెప్పింది. కుప్పుస్వామి ఫోను పట్టుకుని ఊఁ కొట్టాడు. "ఆ పిల్లకు నేను ఏమన్నా చేయగలనా అక్కా?" అని అడిగాడు.

"ఏమొద్దంటాదప్పా. నేను అడిగినాలే" అంది గౌరమ్మ. "ఇబ్బుడు నా దగ్గర చిన్న పిల్లోల్లకు టైపు నేర్పిస్తాండాది. మిషనులో వాసనొస్తే మొదట ఆఫ్ చేయండి, తర్వాత నాకు చెప్పండి అని చెప్తాది."